హెడ్‌లైట్‌కు ఏ హాలోజన్ బల్బు వేయాలి? 100/90 వేస్తే చూపు మెరుగుపడుతుందా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. పదేళ్ళు దాటిన చిన్న కారు మీది. భీమవరం నుంచి పాలకొల్లు, చించినాడ వంతెన మీదుగా రాజోలు, అమలాపురం వైపు తరచు రాత్రిపూట వెళ్ళవలసి వస్తోంది. హైవే దిగి కాలువగట్టు రోడ్డు ఎక్కగానే రోడ్డు అంచు ఎక్కడో, నీళ్ళు ఎక్కడో తేలడం లేదు. ఒక కొట్టులో 100/90 (బ్రైటుకు 100 వాట్లు, డిమ్ముకు 90 వాట్లు) బల్బులు వేసుకోమన్నారు, మరొకచోట ఎల్ఈడీ పెట్టించమన్నారు. డబ్బాల మీద హెచ్4, హెచ్7, హెచ్11 అని రాసి ఉంటే వాటి తేడా మీకు తెలియలేదు. దీనితోపాటు మీ నాన్నగారి మోటారుసైకిలుకు కూడా కారు బల్బే వేయవచ్చా అని అడిగారు.

నేరుగా జవాబు చెబుతాను. మీ డూమ్ (బల్బు కూర్చునే హెడ్‌లైటు గూడు) ఏ రకం బల్బుకు తయారైందో ఆ రకమే, అవే వాట్లలో, రంగు పూత లేని తెల్లగాజు బల్బు వేయండి. మీరు పెట్టిన ఫొటోలో మూడు కాళ్ళ కప్లర్ (బల్బుకు కరెంటు అందించే ప్లగ్గు), వెనక నల్లటి రబ్బరు మూత కనిపిస్తున్నాయి కనుక మీది హెచ్4, 12 వోల్టులు, 60/55 వాట్లు. 100/90 వద్దు, ఎల్ఈడీ వద్దు. అంతకన్నా ముఖ్యమైనది, కొత్త బల్బు కొనేముందు ఆ కప్లర్ దగ్గరికి ఎన్ని వోల్టులు వస్తున్నాయో కొలిపించండి. పాలకొల్లు, నరసాపురం ప్రాంతంలో ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్న నా దగ్గరకు ‘లైటు చాలడం లేదు’ అని వచ్చే పాత బండ్లలో ఎక్కువ వాటికి బల్బు బాగానే ఉంటుంది. దాని దాకా కరెంటు సరిగా చేరకపోవడమే జబ్బు.

ముందుగా రకాల సంగతి. హెచ్ పక్కన ఉండే అంకె బల్బు శక్తిని చెప్పదు. హెచ్7 అంటే హెచ్4 కన్నా మెరుగైనదని, హెచ్11 అంటే ఇంకా మెరుగైనదని చాలామంది అనుకుంటారు, అది సరికాదు. ఆ అంకె బల్బు ఆకారాన్ని, దాని అడుగుభాగాన్ని, లోపల ఫిలమెంటు (వెలిగే సన్నటి తీగ) ఉండే స్థానాన్ని గుర్తించడానికి పెట్టినది. మోటారు వాహనాలకు ఆమోదం పొందిన మొదటి హాలోజన్ బల్బు హెచ్1, అది 1962లో యూరపులో వచ్చింది. దానిలో ఒకటే ఫిలమెంటు కనుక డిమ్ముకు ఒక బల్బు, బ్రైటుకు ఒక బల్బు కావలసి వచ్చేది. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు పెట్టిన హెచ్4 1971లో వచ్చింది. మన దేశంలో తిరిగే చిన్న కార్లలో, సరుకుల బండ్లలో నేటికీ ఎక్కువగా కనిపించేది ఇదే.

హెచ్4ను ఒకసారి చేతిలోకి తీసుకుని వెలుతురులో చూడండి, అయితే గాజును తాకకుండా ఇనుప అడుగును పట్టుకుని చూడండి. రెండు ఫిలమెంట్లలో ముందువైపు ఉన్నదాని కింద చిన్న రేకు దొప్ప ఒకటి కనిపిస్తుంది. ముందున్న ఆ ఫిలమెంటే డిమ్ము. ఆ దొప్ప కిందివైపు పోయే వెలుగును ఆపి, పైకి పోయే వెలుగును మాత్రమే రిఫ్లెక్టరు పైసగానికి చేరనిస్తుంది, అక్కడ తగిలిన వెలుగు తిరిగి రోడ్డు మీదకు దిగుతుంది. ఎదుటివాడి కళ్ళలో వెలుగు పడకుండా గీత గీసినట్టు ఆగిపోయేది దీనివల్లనే. బ్రైటు వేసినప్పుడు వెనకున్న రెండో ఫిలమెంటు వెలుగుతుంది, దానికి దొప్ప లేదు కనుక రిఫ్లెక్టరు మొత్తం పని చేస్తుంది. ఈ ఏర్పాటులో ఫిలమెంటు ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా వెలుగు ఎక్కడ పడాలో అక్కడ పడదు. నాసిరకం బల్బుల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. వాట్లు సరిగానే ఉంటాయి, ఫిలమెంటు మాత్రం వంకరగా నిలబడి ఉంటుంది.

హెచ్4కు నిర్ణయించిన వెలుగు 13.2 వోల్టుల వద్ద బ్రైటుకు 1650 ల్యూమెన్లు (వెలుగు పరిమాణానికి కొలత), డిమ్ముకు 1000 ల్యూమెన్లు. హెచ్7 ఒకే ఫిలమెంటు గల 55 వాట్ల బల్బు, దానికి 1500 ల్యూమెన్లు. అంటే డిమ్ముకు విడిగా హెచ్7 పెట్టిన కారు మీ కారు కన్నా మెరుగ్గా కనిపించడం సహజం, అందులో మీ బల్బు తప్పేమీ లేదు. అలాగని హెచ్7 తెచ్చి మీ డూమ్‌లో బిగించే మార్గం లేదు, కూర్చోదు.

మిగతా వాటిని త్వరగా చెప్పి ముగిస్తాను. హెచ్3కి చిన్న వైరు తోక ఉంటుంది, పాత ఫాగ్ లైట్లలో ఎక్కువ. హెచ్8, హెచ్9, హెచ్11 మూడూ ప్లాస్టిక్ మోచేయి వంటి అడుగుతో ఒకే పోలికలో ఉంటాయి. వాటిలో హెచ్8 ఫాగ్ లైట్లకు 35 వాట్లు, హెచ్11 డిమ్ముకో ఫాగ్‌కో 55 వాట్లు, హెచ్9 బ్రైటుకు 65 వాట్లు. హెచ్బి3 60 వాట్లతో ఎక్కువగా బ్రైటుకు, హెచ్బి4 51 వాట్లతో డిమ్ముకు వాడతారు. లారీలకు 24 వోల్టుల రకాలు వేరు, వాటి హెచ్4 75/70 వాట్లు. చూడటానికి 12 వోల్టుల బల్బులాగే ఉంటుంది కనుక డబ్బా మీద వోల్టులు చదవకుండా తీసుకోకండి. 24 వోల్టుల బల్బును కారులో పెడితే ఎర్రగా మిణుకుమంటుంది, 12 వోల్టుల బల్బును లారీలో పెడితే వెలిగిన క్షణమే పోతుంది.

హెచ్9 దగ్గర ఒక హెచ్చరిక అవసరం. దాని వెలుగు 2100 ల్యూమెన్లు, హెచ్11 వెలుగు 1350. అందుకని హెచ్9 అడుగున ఉన్న ప్లాస్టిక్ పళ్ళను ఆకురాయితో అరగదీసి హెచ్11 స్థానంలో పెట్టేవారున్నారు. హెచ్11 గాజు కొనకు వెలుగు నేరుగా ముందుకు పోకుండా రంగు మూత ఉంటుంది, హెచ్9కు ఉండదు. ఆ పళ్ళను వేర్వేరుగా పెట్టిందే ఇలాంటి మార్పిడి జరగకూడదని.

ఇక 100/90 సంగతికి వస్తాను. వెలుగు కొంత పెరిగే మాట నిజమే. కానీ 60 వాట్ల బల్బు 12 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు తీసుకుంటే 100 వాట్ల బల్బు 8కి పైగా తీసుకుంటుంది. రెండు బ్రైట్లకు కలిపి 10 ఉండవలసినది 17కు చేరువవుతుంది. కంపెనీ వేసిన సన్నటి వైరు, కప్లర్, స్టీరింగు పక్కన ఉండే లైటు స్విచ్చి ఇంత కరెంటు కోసం చేసినవి కావు. నా దగ్గరకు వచ్చిన ఒక ట్రావెల్స్ కారులో డిమ్ము కప్లర్ కరిగి బల్బు కాళ్ళకు అతుక్కుపోయి, విడదీయడానికి కట్టర్ వాడవలసి వచ్చింది. దాని రిఫ్లెక్టరులో బల్బుకు పైన అరచేతి వెడల్పున పూత గోధుమరంగు తిరిగి మెరుపు పోయింది. డూమ్ మార్చడానికి అయిన ఖర్చుతో మంచి బల్బులు చాలా ఏళ్ళకు సరిపడా వచ్చేవి. దీనికి తోడు, మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది కనుక తనిఖీలో జరిమానాకు అవకాశం ఉంది.

అసలు రోగం వోల్టేజీలో ఉంటుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు 10 శాతం తగ్గి ఊరుకోదు, దాదాపు 30 శాతం తగ్గుతుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టులు ఉండి, బల్బు దగ్గర 12 మాత్రమే వస్తుంటే మీరు డబ్బు పెట్టి కొన్న వెలుగులో పెద్ద భాగం వైర్లలోనే వేడిగా పోతున్నట్టు. కొలిచే పద్ధతి తేలిక. ఇంజను ఆన్‌లో ఉంచి, డిమ్ము వేసి, బల్బు కప్లర్‌లోనే ఉండగా మల్టీమీటరుతో ముందు బ్యాటరీ రెండు కొనల మధ్య, తరువాత బల్బు కాళ్ళ మధ్య చూడాలి. బల్బును ఊడదీసి ఖాళీ కప్లర్‌లో చూస్తే రీడింగు నిండుగా వచ్చి మోసం చేస్తుంది, కరెంటు పారుతున్నప్పుడే లోపం బయటపడుతుంది. తేడా అర వోల్టుకు మించితే వెతకండి. మీటరు ఒక కొనను బల్బు ఎర్త్ కాలికి (కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్ళే వైపు), రెండో కొనను బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి చూస్తే ఎర్త్ వైపు ఎంత పోతోందో విడిగా తెలుస్తుంది.

మన ప్రాంతంలో ఎర్త్ అనే మాటను నేను నొక్కి చెప్పడానికి కారణముంది. సముద్రపు గాలి, కాలువల తేమ, చేపలు రొయ్యల చెరువుల మధ్య రోడ్లు, వీటన్నిటి వల్ల బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు కింద తుప్పు త్వరగా పడుతుంది. ఆకివీడు వైపు నుంచి చేపల పెట్టెలు తోలే ఒక చిన్న సరుకుల బండి ఎడమ లైటు ఎర్రగా, కుడి లైటు తెల్లగా వెలుగుతూ వచ్చింది. యజమాని అప్పటికే ఎడమవైపు బల్బు మార్చి ఉన్నాడు. ఐసు నీళ్ళు కారి కారి ఎడమవైపు ఎర్త్ రింగు కింద పచ్చటి చిలుము, దాని కింద గోధుమరంగు పొడి పేరుకున్నాయి. రింగు విప్పి, రేకును తెల్లగా గీకి, కొత్త రింగు వేసి, పైన గ్రీజు రాసి బిగించగానే రెండు లైట్లూ సమానమయ్యాయి, అతను తెచ్చుకున్న రెండో కొత్త బల్బు డబ్బా విప్పనే లేదు.

ఎర్త్ బాగుండి కూడా వోల్టేజీ చాలకపోతే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) కిట్టు వేయించండి. బ్యాటరీ నుంచి దగ్గరలోనే ఫ్యూజు పెట్టి మందపాటి వైరు తీసుకుని, డిమ్ముకు ఒక రిలే, బ్రైటుకు ఒక రిలే ఇస్తే స్విచ్చి కేవలం రిలేను లాగుతుంది, బల్బు కరెంటు దాని గుండా పోదు. పింగాణీ హోల్డర్లు వేయించడం మంచిది. రిలే వేశాక ‘ఇప్పుడు తట్టుకుంటుంది కదా’ అని 100/90 పెట్టవద్దు. వైరు తట్టుకున్నా రిఫ్లెక్టరు తట్టుకోదు, ఎదుటివాడి కళ్ళు అసలే తట్టుకోవు. సరైన వోల్టేజీ మీద వెలిగే 60/55 ఎంత వెలుగు ఇస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యం కలుగుతుంది.

మరో వైపు జాగ్రత్త కూడా చెప్పాలి. ఆల్టర్నేటరు (ఇంజనుతో తిరిగి బ్యాటరీని ఛార్జి చేసేది) రెగ్యులేటరు పాడై వోల్టేజీ 15 దాటితే వెలుగు కళ్ళు చెదిరేలా ఉంటుంది గాని బల్బులు వెంటవెంటనే పోతాయి. 5 శాతం వోల్టేజీ పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. ఒకే బండికి ఏడాదిలో పదేపదే బల్బులు పోతుంటే బల్బు కంపెనీని తిట్టకముందు ఛార్జింగు చూపించండి.

ఎల్ఈడీ విషయం. కంపెనీ నుంచే ఎల్ఈడీ దీపాలతో వచ్చిన కార్లను నేను తప్పు పట్టను, వాటి రిఫ్లెక్టరు, లెన్సు ఆ వెలుగు కోసమే రూపొందాయి. హెచ్4 డూమ్‌లో దూర్చే ఎల్ఈడీ బల్బుల సంగతి వేరు. ఫిలమెంటు చుట్టూ అన్ని వైపులకూ వెలుగు చిమ్మే సన్నటి చుట్ట, ఎల్ఈడీ పలక రెండు ముఖాల నుంచే వెలుగు చిమ్ముతుంది. డిమ్ములో గీతలాగా ఆగవలసిన వెలుగు పైకి చెదిరిపోతుంది. బండి ముందు నేల తెల్లగా కనిపించి తృప్తిగా ఉంటుంది, దూరం మాత్రం తగ్గుతుంది. కాలువగట్టు మీద ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే ఇద్దరూ ఒక చక్రం దింపుకుంటేనే దారి. ఎదుటివాడికి కళ్ళు కనబడకపోతే అతను దిగేది మార్జినులోకో కాలువలోకో అతనికే తెలియదు. వర్షం కురిసి తారు నల్లగా మెరుస్తున్నప్పుడు ఆ నీలితెలుపు వెలుగులో గుంత, నీటిమడుగు ఒకేలా కనిపిస్తాయని డ్రైవర్లు చెప్పే మాట నా అనుభవంలోనూ నిజమే.

‘వైట్’, ‘క్రిస్టల్’ వంటి పేర్లతో నీలిరంగు గాజుతో వచ్చే హాలోజన్ బల్బులదీ అదే దారి. హాలోజన్ సహజ వెలుగు సుమారు 3200 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) ప్రాంతంలో కొంచెం పసుపు ఛాయతో ఉంటుంది. దానిని తెల్లగా చూపించాలంటే నీలి పూత ఎరుపు, పసుపు భాగాన్ని ఆపేయాలి, అంటే వచ్చిన వెలుగులో కొంత గాజు దగ్గరే పోతుంది. ఇక ‘130 శాతం ఎక్కువ’ అని ఉండే బల్బులు మోసం కావు గాని, ఆ లెక్క రోడ్డు మీద ఒకటి రెండు బిందువుల దగ్గర, నియమం కోరిన కనీస వెలుగుతో పోల్చి కట్టినది. వాట్లు అవే, ఫిలమెంటు మరింత బిగుతుగా చుట్టి ఉంటుంది, వెలుగు కొంత మెరుగు, ఆయుష్షు బాగా తక్కువ. రాత్రి ప్రయాణం అప్పుడప్పుడు ఉన్నవారికి ఫరవాలేదు. రోజూ తిరిగేవారికి మామూలు రకమే నా సలహా.

పుష్యమాసపు మంచులో బ్రైటు వేయకండి, మంచు తెరకు తగిలి వెలుగంతా మీ కళ్ళలోకే తిరిగి వస్తుంది. డిమ్ము, కింద ఫాగ్ లైట్లు ఉంటే అవి చాలు. పసుపు ఫాగ్ బల్బు మంచును చీల్చుకుపోతుందన్నది అపోహ. మంచు బిందువులు వెలుగు తరంగాల కన్నా చాలా పెద్దవి కనుక ఏ రంగైనా ఒకేలా చెదురుతుంది. నీలి భాగం లేనందువల్ల కంటికి చురుకుదనం తగ్గి కొంత హాయిగా ఉంటుంది, అంతవరకే.

డూమ్ చూడకుండా బల్బు మార్చడం సగం పని. పైన ప్లాస్టిక్ లెన్సు ఎండకు పసుపుబారి ఉంటే పాలిష్ పట్టించండి. లోపల రిఫ్లెక్టరు మీద మచ్చలు, పొరలు లేచి ఉంటే పాలిష్ పనికిరాదు, డూమే మార్చాలి. వెనక రబ్బరు మూత చిరిగినా, బల్బు మార్చినవారు దానిని పారేసి వదిలేసినా, వరదల కాలంలో లంకల కాజ్‌వేల మీద నీళ్ళలో నడిపినప్పుడు వేడి డూమ్ ఒక్కసారిగా చల్లబడి తేమను లోపలికి పీల్చుకుంటుంది. ఆ తేమే తరువాత రిఫ్లెక్టరును తినేస్తుంది. కోతల రోజుల్లో పొలాల మధ్య రాత్రి నడిపితే లెన్సు మీద పురుగులు పొరలా అతుక్కుంటాయి, తడిగుడ్డతో తుడిస్తే వెలుగు తిరిగి వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి.

బిగించేటప్పుడు గాజును వేళ్ళతో తాకవద్దు. హాలోజన్ బల్బులో ఆవిరైన టంగ్‌స్టన్‌ను లోపలి అయొడినో బ్రోమినో పట్టుకుని తిరిగి ఫిలమెంటు దగ్గరకు చేర్చాలంటే గాజు గోడ సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాటి వేడిగా ఉండాలి. ఆ వేడిలో వేలి జిడ్డు ఉన్నచోట క్వార్ట్జ్ గాజు చెడి తెల్లబడి పగులుతుంది. తాకితే స్పిరిటుతో తుడిచి ఆరనివ్వండి. అడుగున ఉన్న మూడు చెవులు గాడిలో కూర్చున్నాకే స్ప్రింగు క్లిప్పు వేయండి. చెవి తప్పి కూర్చున్న బల్బు వెలుగుతుంది, కానీ వెలుగు చెట్ల మీద పడుతుంది. రెండు వైపులా ఒకేసారి మార్చండి, పాతవాటిలో బాగున్నది డిక్కీలో ఉంచండి.

ఆ తరువాత ఎత్తు సరిచేయించండి. చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండి ఆపి డిమ్ము వేస్తే, వెలుగు గీత లైటు మధ్య ఎత్తు కన్నా సుమారు 10 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. మన దేశపు డూమ్‌లలో ఆ గీత ఎడమవైపు కొంచెం పైకి లేస్తుంది, అది లోపం కాదు, రోడ్డు ఎడమ అంచు చూపించడానికి. వెనక కొబ్బరికాయల బస్తాలో, ధాన్యమో వేసినప్పుడు ముక్కు పైకి లేస్తుంది కనుక డ్యాష్‌బోర్డు దగ్గర లైటు ఎత్తు తిప్పే మీట ఉంటే ఒకటి రెండు అంకెలు తగ్గించుకోండి.

చివరిగా మీ నాన్నగారి మోటారుసైకిలు. దానికి కారు హెచ్4 వేయకూడదు. ఆ బండ్లకు ఎక్కువగా వచ్చేది హెచ్ఎస్1, 12 వోల్టులు, 35/35 వాట్లు. చూపుకు హెచ్4 తమ్ముడిలా ఉంటుంది, చెవులు మాత్రం వేరు. చెవులు అరగదీసి 60/55 పెట్టిన బండ్లు నేను చూశాను. కొద్ది నెలలకు ప్లాస్టిక్ డూమ్ ఉబ్బుతుంది, మాగ్నెటో (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించేది) అంత కరెంటు ఇవ్వలేక బ్యాటరీ నీరసిస్తుంది. పాత మోడళ్ళలో లైటు నేరుగా మాగ్నెటో మీద నడుస్తుంది కనుక యాక్సిలరేటరు వదిలితే మసకబారడం సహజమే. 2017 ఏప్రిల్ 1 తరువాత తయారైన బండి అయితే ఇంజను నడిచినంతసేపూ లైటు ఆరదు కనుక ‘లాంగ్ లైఫ్’ రకం తీసుకోవడం లాభం. ఇంకా పాత బండ్లలో గుండ్రటి ఇత్తడి అడుగుతో, తిప్పి బిగించే 35/35 బల్బు వేరే ఉంది. బండి పేరు మాత్రమే చెప్పి అడిగితే కొట్టువాళ్ళు రెండింటిలో ఏదో ఒకటి చేతిలో పెడతారు, కనుక పాత బల్బును విప్పి వెంట తీసుకువెళ్ళండి.